సున్నా దగ్గర నా చెవి

ఈ సంగతి నేను రాయకపోతే తామే రాసేస్తామని మా క్లబ్బు పిల్లలు బెదిరించారు. వాళ్ళు రాస్తే నన్ను దేవుణ్ణి చేసి పటం కట్టేస్తారు. నిజానికి ఇందులో నేను దేవుణ్ణి కాదు సరికదా, మంచివాణ్ణి కావడానికి కూడా మూడు రోజులు ఆలస్యం చేశాను. అందుకని నేనే కూర్చుని రాస్తున్నాను. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళూ, ఇంకా చేరనివాళ్ళూ కాస్త ఓపిగ్గా చదవండి. రిటైరైనవాడు పని సంగతులు మొదలుపెడితే అసలు విషయానికి రావడానికి టైం పడుతుంది.

మాది కృష్ణా జిల్లా. ఐ.టి.ఐ. పాసై ఊళ్ళో రేడియోలు విప్పుకుంటూ తిరుగుతున్న నన్ను మా బావమరిది జహీరాబాద్ లాక్కొచ్చాడు. ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఫిట్టరు. నన్నూ అక్కడే పెట్టించాలని చూశాడు, కుదర్లేదు. హైవే పక్కన అప్పుడే లేచిన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో జనరేటర్ ఆపరేటరుగా చేరాను. ఆ రోజుల్లో కరెంటు ఉండే గంటలకన్నా పోయే గంటలే ఎక్కువ. రేకుల షెడ్డులో ఆ డీజిల్ జనరేటర్ పక్కన స్టూలేసుకుని పదేళ్ళు కూర్చున్నాను. చెవులకు పెట్టుకోమని ఆఫీసువాళ్ళు ఇచ్చిన మఫ్‌లు మేకుకి తగిలించేవాణ్ణి. అవి పెట్టుకుంటే ఇంజను ఎక్కడ ఇబ్బంది పడుతోందో తెలియదని నా వాదన. ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్ ల్యాబులో టెక్నీషియన్ని చేశారు. ఐదుగురు ప్రిన్సిపాళ్ళు మారారు కానీ నా కుర్చీ మారలేదు.

నాకు మంచి చెవి ఉందని కాలేజీలో పేరు. గుమ్మంలో నిలబడి, మూడో బల్ల మీద ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతోందని చెప్పేవాణ్ణి. ఫ్యాను బేరింగు పోతుందని పది రోజుల ముందే చెప్పేవాణ్ణి. కొత్తగా వచ్చిన లెక్చరర్లు కూడా ఏ పెట్టెలోంచైనా బొయ్యిమని చప్పుడొస్తే నన్నే పిలిచేవారు. పిల్లలు నాకు ‘చెవి సార్’ అని పేరు పెట్టారు. తెలియనట్టే ఉండేవాణ్ణి గానీ లోపల మహా సంబరం.

క్లబ్బు ఒక అమ్మాయి వల్ల మొదలైంది. మొగుడంపల్లి నుంచి వచ్చేది, అప్పుడు రెండో సంవత్సరం. సాయంత్రం నాలుగింటికి నేను ల్యాబుకి తాళం వేస్తుంటే వచ్చి నిలబడింది.

“సార్, జర ల్యాబు తాళం ఇస్తరా? ఒక్క గంట.”

నేను ఒంటికాలి మీద లేచాను. “తాళమా? నీకా? ఇదేమన్నా మీ ఇల్లనుకున్నావా? నాలుగు దాటితే ఇక్కడ ఈగ కూడా ఉండకూడదు. బస్సు పోతుంది, నడు.”

అమ్మాయి కదల్లేదు. “మా చర్చిల మైకు కుయ్యిమంటది సార్. పాస్టరు గారు ప్రార్థన షురూ చేయంగనే అదీ షురూ చేస్తది. ముసలోళ్ళు చెవులు మూసుకుంటున్నరు. ఎందుకైతుందో చూద్దామని ఆంప్లిఫైయర్ తెచ్చిన. బయట రాయికోడ్ పిలగాడు పట్టుకోని నిలబడ్డడు. మస్తు బరువున్నది సార్.”

తొంగి చూస్తే నిజంగానే ఒక కుర్రాడు ఆంప్లిఫైయర్ని చంటిబిడ్డలా ఎత్తుకుని చెమటలు కక్కుతున్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చాక కోపం ఎక్కడ నిలుస్తుంది? తాళం తీశాను.

తప్పు ఆంప్లిఫైయర్లో లేదు, స్పీకరుకి ఎదురుగా మైకు పెట్టడంలో ఉంది. ఆ ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు. కానీ వాళ్ళిద్దరి ప్రశ్నలకి జవాబులు చెప్పేసరికి ఆరయింది. మర్నాడు నలుగురొచ్చారు. నెల తిరిగేసరికి పన్నెండు మంది. ‘సౌండ్ క్లబ్’ అని అట్టముక్క మీద రాసి ల్యాబు తలుపుకి అంటించారు. క్లబ్బుకి ఒక లెక్చరర్ బాధ్యుడుగా ఉండాలని రూలు. కాలేజీ బస్సు నాలుగూ పదికి. ఆ బస్సు వదులుకునే లెక్చరర్ దొరకలేదు. చివరికి ఒకాయన సంతకం పెట్టాడు, సాయంత్రాలు కూర్చునే మనిషిగా నేను దొరికాను. రోజూ షేర్ ఆటోలో అల్లం బస్తాల పక్కన ఇరుక్కుని ఇల్లు చేరేవాణ్ణి. “ఈ వయసులో మీకు స్పెషల్ క్లాసులేంటండీ?” అనేది మా ఆవిడ. చెప్పొద్దూ, నా సర్వీసు మొత్తంలో అంత తియ్యటి రోజులు నాకు తెలియవు.

ఆ పిల్లలు చేసే పొరపాట్లు కూడా వాళ్ళకే చెల్లు. దసరాకి ఆయుధపూజ అని మిక్సర్‌కి దండిగా పసుపు, కుంకుమ పెట్టి, మీద నిమ్మకాయ పెట్టారు. మూడో రోజు మీట జరిపితే గరగర. కుంకుమంతా మీటల సందుల్లోకి దిగిపోయింది. మొగుడంపల్లి అమ్మాయే బ్రష్షు పట్టుకుని ఒక పూటంతా తుడిచింది. “వచ్చేసారి దూరంకెళ్ళి దండం పెడదాం సార్” అంది.

ఇంకో ఆనవాయితీ ఏమిటంటే, ఏ ప్రోగ్రాముకైనా మిక్సర్ మీద ఆఖరి చెయ్యి నాదే. పిల్లలు సౌండంతా సరిచేశాక నేను వచ్చి, రెండు మీటలు అటూ ఇటూ తిప్పి, “ఇప్పుడు బాగుంది” అనాలి. అప్పుడే మొదలు. ఈ గౌరవానికి నేను ఎంత మురిసిపోయేవాణ్ణో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అమ్మాయి నాలుగో సంవత్సరంలోకి వచ్చింది. ప్రాజెక్టు ఏం చేస్తావని అడిగితే వాళ్ళ నాన్న సంగతి చెప్పింది.

“మా నాయిన చెరుకు ట్రాక్టర్ నడుపుతడు సార్. ఇంట్ల టీవీ పెడితే వాడ చివరిదాక వినవడ్తది. పట్నం పోయి చెవులు చూపిద్దామంటే ఒక్కరోజు పని పోతదంటడు, నాకేమైంది మంచిగనే ఉన్న అంటడు. మా దిక్కు గిట్లాంటోళ్ళు మస్తుమంది ఉన్నరు. అందుకే ఒక డబ్బ చేస్త. దవాఖానకు పోవాల్సినోళ్ళు ఎవరో, అక్కర్లేనోళ్ళు ఎవరో ఊర్లనే తెలిసిపోవాలె.”

నాకు కళ్ళు చెమర్చాయి. క్లబ్బంతా ఆ పనిలో పడింది. పెద్ద హెడ్‌ఫోన్లు, ఒక డబ్బా, చేతిలో ఒక మీట. బొంగురు శబ్దం నుంచి ఈల లాంటి సన్నటి శబ్దం దాకా ఒక్కొక్కటే వస్తుంది, ముందు మెల్లగా, తర్వాత కొంచెం గట్టిగా. వినపడగానే మీట నొక్కాలి. చివర్లో ఒక లైటు వెలుగుతుంది. పచ్చదైతే ఫికర్ లేదు, పసుపైతే జాగ్రత్త, ఎర్రదైతే దవాఖాన. ఆ లెక్కంతా చేసే ప్రోగ్రాం రాసింది రాయికోడ్ కుర్రాడు.

డబ్బా పూర్తయ్యాక ఒకటే మిగిలింది, సున్నా పెట్టడం. కొలిచే బద్దకి మొదటి గీత ఉండాలి కదా, అలాగే దీనికీ ఉండాలి. మంచి చెవికి ఏ శబ్దం ఎంత మెల్లగా ఉన్నా వినపడుతుందో, అదే సున్నా. అక్కణ్ణించే అందరి చెవులూ కొలవాలి.

“పదిమంది స్టూడెంట్ల చెవులు చూసి సగటు తీద్దాం సార్” అంది అమ్మాయి.

“పదిమంది కుర్రాళ్ళ చెవులా?” అన్నాను. “పొద్దస్తమానం ఇయర్‌ఫోన్లు కుక్కుకునే చెవులు! వాటితోనా సున్నా పెట్టేది? కాలేజీలో మంచి చెవి ఎవరిది?”

పిల్లలు నవ్వి, “మీదే సార్” అన్నారు.

“మరింకేం. తగిలించండి.”

హెడ్‌ఫోన్లు పెట్టుకుని రాజాలా కూర్చున్నాను. బొంగురు శబ్దాలకి టకటకా మీట నొక్కాను. సన్నటి శబ్దాల దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు ఏమీ వినపడలేదు.

“సార్, ఈ ఈలల దగ్గర బాగ పెంచాల్సి వస్తున్నది” అన్నాడు రాయికోడ్ కుర్రాడు.

“హెడ్‌ఫోన్లు అక్కడ వీకు. చవక సరుకు. పెంచు” అన్నాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్నవాడు చెబితే ఎదురు ఎవరంటారు? పెంచాడు. అమ్మాయి అంకెలు రాసుకుంది. నా చెవి సున్నా అయి కూర్చుంది. ఆ తర్వాత పిల్లలంతా ఒకరి తర్వాత ఒకరు పరీక్ష చేసుకుంటే అందరికీ పచ్చలైటే. మిర్చి బజ్జీలు తెప్పించుకుని పండగ చేసుకున్నాం.

సంత రోజు చూసుకుని డబ్బా పట్టుకుని కుర్రాడి ఊరు రాయికోడ్ వెళ్ళాం. బడి వరండాలో బల్ల వేశాం. ట్రాక్టరు డ్రైవర్లు, బోర్లు వేసేవాళ్ళు, చెరుకు నరికేవాళ్ళు వరస కట్టారు. అందరికీ పచ్చే. ఎర్రలైటు ఒక్కసారైనా వెలగలేదు. “ఇక్కడి గాలి మంచిది” అని నేను వ్యాఖ్యానం కూడా చేశాను.

ఆ వరసలో ఒకావిడ వచ్చింది. ఊళ్ళో పిండి గిర్ని ఆవిడదే, అరవై దాటిన మనిషి. కోడలు చెయ్యి పట్టుకుని తెచ్చింది. పేరేమిటని మా అమ్మాయి అడిగితే జవాబు లేదు. కోడలు భుజం తట్టి, ముఖంలో ముఖం పెట్టి అడిగాక చెప్పింది. వచ్చే వారం తన తమ్ముడు వచ్చి అత్తను పట్నం చెవి దవాఖానకి తీసుకుపోతాడని కోడలు చెప్పింది. పరీక్ష చేశాం. పచ్చలైటు!

గిర్ని అమ్మ లేచి కోడలి వైపు తిరిగింది. “చూసినవా? నా చెవులు బంగారమసుంటియి. నువ్వే పిల్లి తీరు మాట్లాడ్తున్నవ్. పట్నం లేదు, గిట్నం లేదు. మీ తమ్మునికి చెప్పు, రానక్కర్లేదని.”

అందరం పగలబడి నవ్వాం. కోడలు మాత్రం నవ్వలేదు. తిరుగు బస్సులో మొగుడంపల్లి అమ్మాయీ నవ్వలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాను.

వారం తర్వాత మా డిపార్టుమెంటు హెడ్ మేడం నన్ను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. అమ్మాయి రాసిచ్చింది. సున్నా పెట్టడంలో పొరపాటు జరిగిందనీ, రాయికోడ్‌లో చెప్పిన ఫలితాలు తప్పనీ, ఆ పొరపాటు పూర్తిగా తనదేననీ.

“ఊళ్ళో జనానికి తప్పుడు మాట చెప్పి వచ్చింది” అన్నారు మేడం. “ఈ ప్రాజెక్టు మీద నేను సంతకం పెట్టను. ఏడాది పోతే పోనివ్వండి, బుద్ధొస్తుంది.”

నేను ల్యాబుకొచ్చి ఆ పిల్ల మీద విరుచుకుపడ్డాను. “మూడేళ్ళు నా పక్కన కూర్చుని నేర్చుకున్నది ఇదా? అంకెలు రాసుకోవడం కూడా రాదా? ఈ పనికి చెవి ఉండాలమ్మా, చెవి!”

తల వంచుకుని వింది. “తప్పైంది సార్” అంది. రాయికోడ్ కుర్రాడు ఏదో అనబోతే వాడి కాలు తొక్కింది. తొక్కడం చూశాను, ఎందుకో అర్థం కాలేదు.

అప్పటికే పదిమంది పిల్లల చెవులు చూసి కొత్త సున్నా పెట్టారు. అది చూసి నాకు ఇంకా మండింది. “ఇలా ఇవ్వు” అని హెడ్‌ఫోన్లు లాక్కున్నాను. “నా చెవికి పచ్చ రాకపోతే నీ కొత్త సున్నాయే తప్పని ఇప్పుడే తేలిపోతుంది.”

అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. “వద్దు సార్. ఇయ్యాల వద్దు.”

వింటానా? కూర్చున్నాను. బొంగురు శబ్దాలు వచ్చాయి, నొక్కాను. ఆ తర్వాత నిశ్శబ్దం.

“ఆపేశారేంటి? కానివ్వండి” అన్నాను.

డబ్బా మీద అంకెలు మారుతూనే ఉన్నాయి. నా పక్కన నిలబడ్డ మొదటి సంవత్సరం పిల్ల ఒకత్తె ముఖం చిట్లించి చేత్తో చెవి మూసుకుంది. నా హెడ్‌ఫోన్లలోంచి బయటికి పొక్కుతున్న ఈల ఆ పిల్లకి గుచ్చుకుంటోంది. లోపల ఉన్న నా చెవికి అది లేనే లేదు. చివరికి ఎర్రలైటు వెలిగింది.

“మిషను తప్పు” అన్నాను.

అమ్మాయి గబుక్కున స్విచ్చు ఆపేసింది. “అవును సార్. ఇంక ఏదో గడబడ ఉన్నది దీంట్ల. మల్ల చూస్తం.”

ఆ పిల్లకి అబద్ధం చెప్పడం రాదు. ముఖమంతా ఎర్రబడిపోయింది. ఆ ముఖం చూశాకే నాకు తెలిసింది, తప్పెవరిదో ఆమెకి ముందే తెలుసని. తెలిసే కాగితం రాసిచ్చింది. నేను చెప్పులేసుకుని బయటికొచ్చేశాను.

మూడు రోజులు సెలవు పెట్టాను. జ్వరమని చెప్పాను. రెండు నెలల్లో రిటైర్మెంట్. చెవి సార్‌కి చెవుడని తెలిస్తే కాలేజీ అంతా ఏమనుకుంటుంది? మంచం మీద పడుకుని అదే ఆలోచన. ఆ పిల్లకి ఏడాది పోతుందన్నది కూడా ఆలోచించాను. అబద్ధం ఎందుకు, నా పరువు సంగతి అయ్యాకే ఆలోచించాను.

రెండో రోజు మా ఆవిడతో చెప్పాను. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తూ తలెత్తలేదు. “మీకు ఈలలు వినపడవని నాకు నాలుగేళ్ళ నుంచి తెలుసండీ. పక్కనే కూర్చుని కుక్కరు మూడుసార్లు మాడ్చారు. మొదట్లో కావాలని నటిస్తున్నారనుకున్నాను.”

“మరి చెప్పి చావొచ్చుగా?”

“చెప్పాను. నాదే పీలగొంతన్నారు.”

మూడో రోజు సాయంత్రం రాయికోడ్ కుర్రాడు ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళ గ్లాసు చేతిలో తిప్పుతూ మొదలుపెట్టాడు.

“సార్, నేను వచ్చిన్నని ఆమెకు చెప్పకున్రి. చంపుతది. లెటర్ ఇయ్యొద్దని మేమందరం చెప్పినం. ‘సార్ రిటైర్ అయితున్నరు, ముప్పై ఏండ్ల పేరు, ఇప్పుడు చెడగొట్టుడెందుకు? నాదేముంది, ఒక్క ఏడాది’ అన్నది. వాళ్ళ నాయినకు ఇంక చెప్పనే లేదు. ఇంటికి పోయి ఏమంటదో ఏమో.”

“నా చెవి సంగతి మీకు ముందే తెలుసా?” అని అడిగాను.

“తెల్వదు సార్, ఒట్టు. గానీ మీరు మిక్సర్ మీద ఆఖరి చెయ్యి వెట్టిపోయినంక, మేం మల్ల దించుతుంటిమి. ఈలల సౌండ్ బాగ పెంచుతుంటిరి గద, జనం చెవులు మూసుకుంటుండిరి. మీకు గట్లనే ఇష్టమేమో అనుకున్నం.”

మూడేళ్ళు! నేను మిక్సర్ వదిలి వెళ్ళడం, పిల్లలు మీట దించడం. ఒక్కరూ నా ముఖాన అనలేదు. ఆ రోజు ఆ కుర్రాడి ముందే కళ్ళు తుడుచుకున్నాను. వాడు గాభరాపడి గ్లాసు కింద పెట్టేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మేడం గదికి వెళ్ళాను. “సున్నా పెట్టించింది నేనండీ. పదిమంది చెవులతో పెడదామని ఆ అమ్మాయి అంటే వద్దన్నది నేను. నాకు చెవుడు. నాకే తెలియదు” అన్నాను. అన్నాక గుండెల మీంచి బరువు దిగుతుందని అందరూ అంటారు. నాకేం దిగలేదు.

మేడం కుర్చీ చూపించారు. “కూర్చోండి” అన్నారు. తర్వాత అన్నారు, “తప్పు ఎవరిదైనా, ఆ ఊళ్ళో అంతమంది తమ చెవులు బాగున్నాయనుకుంటున్నారు. ఒక్కరు మిగలకుండా మళ్ళీ చూసి, నిజం చెప్పి రండి. ఆ జాబితా నా బల్ల మీద పెడితే సంతకం పెడతాను. ఒక్క పేరు తగ్గినా పెట్టను.”

పిల్లలు మూడు దఫాలు రాయికోడ్ వెళ్ళారు. ఎర్రలైట్లు చాలానే వెలిగాయి. ఒక్క పేరు మిగిలింది, గిర్ని అమ్మ. ఎన్నిసార్లు అడిగినా ససేమిరా అంది. మేడం ఇచ్చిన గడువు మర్నాటితో అయిపోతుందనగా నేనూ బయల్దేరాను.

మేం వెళ్ళేసరికి గిర్ని నడుస్తోంది. జొన్నల సంచులతో జనం వరసలో ఉన్నారు. అమ్మాయి ఆవిడ ఎదురుగా నిలబడి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. “అవ్వా, ఆ రోజు మేం తప్పు చెప్పినం. ఒక్కసారి మల్ల చూడనీ. నీ కాళ్ళు మొక్కుత.”

“పచ్చలైటు వచ్చిందా లేదా? ఊరంత చూసిన్రు!” గిర్ని అమ్మ గొంతు మిషను చప్పుడుని మించి లేచింది. “ఇప్పుడు ఎర్రలైటు వెట్టి నన్ను చెవిటిదాన్ని చేద్దామని వచ్చిన్రా? నా కోడలు పంపిందా?”

వరసలో జనం నవ్వారు. కోడలు లోపలికి వెళ్ళిపోయింది. అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు. జాబితా కాగితం చేతిలో నలిగిపోతోంది.

నేను ముందుకెళ్ళి చేతులూపాను. “అమ్మా, ఒక్క నిమిషం గిర్ని ఆపండి! పరీక్ష మీకు కాదు, నాకు!”

ఆవిడకి ఆసక్తి పుట్టింది. స్విచ్చు తీసింది. నేను జొన్నల బస్తా మీద కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. జనం చుట్టూ మూగారు. పిల్లలు వద్దన్నట్టు చూస్తున్నారు. “కానివ్వండి” అన్నాను. ఎర్రలైటు వెలిగింది.

లేచి నిలబడి, వీలైనంత గట్టిగా చెప్పాను. “చూశారుగా? కాలేజీలో నన్ను చెవి సార్ అంటారు. నా అంత చెవి ఎవరికీ లేదని పొగరుతో నా చెవినే కొలబద్దగా పెట్టించాను. చెవిటి చెవితో కొలిస్తే మిగతా చెవిటివాళ్ళకి పచ్చలైటు కాక ఏం వస్తుందమ్మా? ఈ పిల్ల తప్పు పిసరంత లేదు. నా తప్పు తన నెత్తినేసుకుంది.”

తల కొట్టేసినట్టు అవుతుందనుకున్నాను. వరసలో ఒకాయన సంచి కింద పెట్టి, “నాదిగూడ జర చూస్తరా సారూ?” అన్నాడంతే.

గిర్ని అమ్మ నా ముఖంలోకి చూసింది. “నీదిగూడ ఎర్రదేనా సారూ?”

“అచ్చంగా ఎర్రదే.”

“ఎన్నేండ్ల సంది?”

“నాకే తెలీదమ్మా.”

ఆవిడ కొంగుతో చేతుల పిండి తుడుచుకుని వచ్చి బస్తా మీద కూర్చుంది. అమ్మాయి హెడ్‌ఫోన్లు సర్దింది. ఎర్రలైటు వెలిగినప్పుడు ఎవరూ నవ్వలేదు. గిర్ని అమ్మ ఆ లైటు వైపు కాసేపు చూసి, కోడల్ని కేకేసింది. కోడలు గుమ్మంలోకి వచ్చింది.

“నిన్ను ఊకెనే తిట్టిన్నే బిడ్డా” అంది.

కోడలు వచ్చి అత్త పక్కన కింద కూర్చుని ఆమె మోకాలి మీద తల పెట్టుకుంది. మా పిల్లలు డబ్బా సర్దుతున్నట్టు నటించారు. నేనూ ఏదో వైరు చుట్టాను.

తర్వాతి వారం పట్నం చెవి దవాఖానకి నేనూ గిర్ని అమ్మా ఒకే బస్సులో వెళ్ళాం, కోడలు తోడు. ఇద్దరు చెవిటివాళ్ళం పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సదాశివపేట దాటేసరికి నా పెళ్ళి ఎలా జరిగిందో, వాళ్ళ బర్రె ఎన్ని పాలిస్తుందో బస్సంతటికీ తెలిసిపోయింది. డాక్టరమ్మ నన్ను ఏం పని చేసేవారని అడిగింది. జనరేటర్ షెడ్డు గురించీ, మేకుకి తగిలించిన మఫ్‌ల గురించీ చెప్పాను. గిర్ని అమ్మకి చెవులు కాపాడుకోమని ఎవరూ ఏమీ ఇవ్వలేదు, నాకు ఇచ్చినా నేను పెట్టుకోలేదు. చదివేవాళ్ళలో చప్పుడు మధ్య పనిచేసేవాళ్ళుంటే, ఇచ్చింది పెట్టుకోండి. అంతకుమించి నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

ఇద్దరికీ చెవి మిషన్లు వచ్చాయి. నాది పెట్టుకుని, రిటైర్మెంటుకి ఇంకా పది రోజులుందనగా, మధ్యాహ్నం పూట ల్యాబుకి వెళ్ళాను. నేను కూర్చున్నానో లేదో మొగుడంపల్లి అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ప్రాజెక్టు పుస్తకం.

“సార్! మేడం సంతకం పెట్టిన్రు సార్!”

నేను ఉలిక్కిపడి చెవులు మూసుకున్నాను. “అబ్బ! సంతోషమేనమ్మా, కానీ ఎందుకలా అరుస్తావు?”

అమ్మాయి నోరు మూసేసింది. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికి మొదటి సంవత్సరం పిల్ల అంది, “సార్, అక్క మీతోని ఎప్పుడు గిట్లనే మాట్లాడ్తది. మేమందరం గట్లనే మాట్లాడ్తం.”

“ఎప్పట్నుంచి?”

అమ్మాయి వచ్చి నా పక్క స్టూలు మీద కూర్చుంది. “ఫస్టు రోజు సంది సార్” అంది, ఈసారి అరవకుండా.

ఎంత మెత్తటి గొంతు! మూడేళ్ళు రోజూ నా పక్కన కూర్చున్న పిల్ల అసలు గొంతు నేను వినడం అదే మొదటిసారి.